పాత చిప్పు, కొత్త బ్యాచి

పాత యంత్రములను బాగుచేయువారి నోట నేడు తరచుగా వినబడు మాట యొకటి కలదు. "చిప్పు నంబరు పాతదే, లోపల నింపిన ప్రోగ్రాము పాతదే, పెట్టిన బోర్డు పాతదే, కాని ఈసారి వచ్చిన బ్యాచి మంచిది కాదు" అని వారందురు. ఇట్లనుకొని, తెచ్చిన పదింటిలో పనిచేయని మూడింటిని చెత్తబుట్టలో వేసి, పనిచేసిన ఏడింటిని యంత్రములలో పెట్టి పంపివేయుట ఒక అలవాటైపోయినది. చెత్తబుట్టలో పడిన మూడింటి కంటె యంత్రములలోనికి వెళ్లిన ఆ ఏడింటిని గూర్చియే ఎక్కువగా విచారింపవలసి యున్నదని ఈ ప్రసంగములో మనవి చేయదలచినాము.

ఇంటిలో రేడియో సెట్టు గల శ్రోతలకు ఈ చిక్కు బొత్తిగా కొత్తది కాకపోవచ్చును. వాల్వు సెట్ల కాలములో, కాలిపోయిన వాల్వును తీసి అదే నంబరుతో వేరొక కంపెనీ చేసిన వాల్వును పెట్టినప్పుడు, సెట్టు పలుకుచునే యుండెడిది గాని వెనుకనుండి సన్నని ఈలయో, గుర్రుమను శబ్దమో వచ్చుచుండెడిది. కొత్త వాల్వులో దోషమేమియు లేదు. సెట్టు కట్టినవారు పాత వాల్వు గుణము నెరిగి, దానికి తగినట్లు చుట్టుప్రక్కల సర్దుబాటు చేసికొని యుండిరి. ఆ గుణము నంబరులో వ్రాసి యుండదు. మేము చెప్పబోవు చిప్పు విషయమును ఇట్టిదే. కాని వాల్వు విషయములో చెవికి తెలిసెడి తేడా ఇక్కడ తెలియదు, యంత్రము ఊరక నిలిచిపోవును, లేదా నిలువవలసిన చోట నిలువక తిరుగును.

మొదట ఈ చిప్పు చేయు పని యేమో తెలిసికొందము. ఒక యంత్రమునకు, తలుపు మూసియుండవలెను, దారము తెగకుండవలెను, మీట నొక్కియుండవలెను, ఈ మూడును కూడినప్పుడే మోటారు తిరుగవలెను అను నియమము కలదనుకొనుడు. ఇట్టి నియమమును నడపుటకు పూర్వము 'మరియు' అను మాటకొక చిప్పు, 'లేదా' అను మాటకొక చిప్పు, 'కాదు' అను మాటకొక చిప్పు చొప్పున బోర్డుపై వరుసగా పేర్చి సోల్డరు చేసెడివారు. నియమము కొంచెము మారినచో బోర్డే మారవలెను. 1978లో అమెరికాలోని మోనోలిథిక్ మెమొరీస్ అను సంస్థ ఆ గుంపు నంతయు ఒక్క చిప్పులోనికి ఇమిడ్చినది. జాన్ బర్క్‌నర్, హెచ్. టి. చువా అను ఇంజనీర్లు దీనికి కర్తలు. దానికి 'పాల్' అని పేరుపెట్టిరి. దాని లోపల సన్నని ఫ్యూజుల వల యుండును. అక్కరలేని ఫ్యూజులను విద్యుత్తుతో కాల్చివేసినచో మిగిలిన అల్లికయే మన నియమము. ట్రేసీ కిడర్ 1981లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథములోని డేటా జనరల్ వారి కంప్యూటరులో వాడినవి ఈ పాల్ చిప్పులే. కాలిన ఫ్యూజు మరల రాదు గనుక పొరపాటు జరిగినచో చిప్పు దండుగ. 1985లో లాటిస్ సంస్థవారు 'గాల్' అను రకమును తెచ్చి ఆ దండుగను తప్పించిరి. దీనిలో ఫ్యూజులకు బదులు విద్యుత్తుతోనే చెరిపి మరల వ్రాయదగిన గడులు కలవు.

ఈ కుటుంబములో మిక్కిలి వాడుకలోనికి వచ్చినది 22వీ10 అను చిప్పు. దీనికి 24 పిన్నులు. రెండు విద్యుత్తు సరఫరాకు పోగా మిగిలినవి 22. అందు 12 బయటి మాట వినుటకు మాత్రమే యేర్పడినవి, 10 వినుటకును పలుకుటకును కూడ పనికివచ్చునవి. 22 సంకేతములలో ప్రతిదానిని సూటిగాను, తిరుగవేసియు తీసికొందురు గనుక నిలువు వరుసలు 44. అడ్డు వరుసలు 132. హెచ్చించి చూచినచో 5808 గడులు. పలుకు పిన్ను లొక్కొక్కటి ఎట్లు పలుకవలెనో నిర్ణయించుటకు రెండేసి గడుల చొప్పున మరి 20. వెరసి 5828. ఈ లెక్క మనకు ముందు అవసరపడును గనుక శ్రోతలు దయచేసి గుర్తుంచుకొనవలెను.

1980, 1990 దశకములలో కట్టిన మిల్లు యంత్రములలో, ముద్రణ యంత్రములలో, ప్రయోగశాలల పరికరములలో ఈ చిప్పు లెన్నియో కలవు. యంత్రము ఇనుము; అది నలువదేండ్లు పనిచేయును. చిప్పు తయారుచేయువారు అంతకాలము ఆగరు. లాటిస్ వారు గాల్ చిప్పుల తయారీని మానివేసినారు. అట్మెల్ వారు అదే నంబరునకు సరిపోవు చిప్పులను తమ పద్ధతిలో తయారుచేసిరి. 2016లో అట్మెల్‌ను మైక్రోచిప్ సంస్థ కొనినందున నేడు అవి మైక్రోచిప్ పేరిట వచ్చుచున్నవి. పిన్నుల క్రమ మొక్కటే, లోపలి నియమముల వల యొక్కటే. కాని లోపలి కట్టుబడి వేరు. ఒకే సంస్థ చేసిన చిప్పులో సైతము, కాలము గడచినకొలది తయారీ సన్నబడి, వేగము పెరుగుచు వచ్చినది. నంబరు చివరనుండు ఒక్క అక్షరము ఈ మార్పును తెలుపును. ఆ అక్షరమును చదువువారు మాత్రము తక్కువ.

ఇక మరమ్మతు సంగతికి వత్తము. బ్యాచి చెడ్డదని ఎవరైనను చెప్పినప్పుడు మేము మొదట అడుగునది, చిప్పు ఎక్కడ ఓడినది అని. ప్రోగ్రాము వ్రాయు యంత్రము మీదనా, బోర్డు మీదనా? వ్రాయు యంత్రమే "సరిగా వ్రాయబడలేదు" అని చెప్పినచో త్రోవ వేరు. గాల్ చిప్పులలో ఏ, బీ, సీ, డీ అను తరముల కొక్కొక్కదానికి వ్రాయు వోల్టేజియు, కాలపరిమితియు వేరు. పాత తరమునకు తగిన హెచ్చు వోల్టేజితో కొత్త తరమును వ్రాసినచో వ్రాత చెడును, ఒక్కొక్కప్పుడు చిప్పే పోవును. వ్రాయు యంత్రమునకు సరియైన రకము పేరు చెప్పినామా, దాని సాకెట్టు శుభ్రముగా నున్నదా యని చూచుటతో ఈ తగవు సాధారణముగా తీరును. చిప్పును మాటిమాటికి చెరిపి వ్రాయుటకు కూడ హద్దు కలదు. తయారీదారులు హామీ యిచ్చునది నూరు సారులు మాత్రమే. ప్రయోగములు చేసి చేసి అలసిన చిప్పును యంత్రములో పెట్టి పంపరాదు.

వ్రాత సరిగా నున్నదని తేలిన తరువాత బోర్డు మీద ఓడిపోవుటయే అసలు చిక్కు. ఇందులో ఒక చిత్రమైన రకము కలదు. 5828 గడుల తరువాత, చిప్పు పేరో తేదీయో వ్రాసికొనుటకు 64 గడులు చేర్చినచో లెక్క 5892 అగును. అట్మెల్ వారి 22వీ10సీ రకములో ఇంకొక్క గడి కలదు. అది 5893వది. దానిని 'నిద్ర గడి' యనవచ్చును. దానిని వాడుకలో పెట్టినచో, అంతవరకు సామాన్యముగా వినుచుండిన 4వ పిన్ను నిద్రపుచ్చు మీటగా మారును. ఆ పిన్ను మీదికి వోల్టేజి వచ్చినంతనే చిప్పు కునుకు తీయును. అప్పటివరకు పలికిన మాటనే పట్టుకొని కూర్చుండును, ఎవరేమి చెప్పినను వినదు. 4వ పిన్ను మీది వోల్టేజి సున్నకు దిగగానే మేలుకొని ఏమియు జరుగనట్లే పనిచేయును. పాత బోర్డు కట్టినవానికి ఈ నిద్ర సంగతి తెలియదు; అతడు 4వ పిన్నుకు ఏ మీటనో, ఏ తలుపు స్విచ్చినో తగిలించి యుండును. కావున ఫలానా మీట నొక్కినప్పుడెల్ల యంత్రము కొయ్యబారుచున్నదని ఎవరైనను వచ్చినచో, ముందుగా వ్రాయు యంత్రపు జాబితాలో ఏ పేరు నెన్నుకొన్నారో అడుగుడు. అందు ఒకే చిప్పు రెండు మూడు పేర్లతో కనబడును. ఆ పేర్ల భేదమంతయు ఈ 5828, 5892, 5893 అను సంఖ్యల భేదమే. తగిన పేరు నెన్నుకొని తిరిగి వ్రాసినచో చెడ్డ బ్యాచి మంచి బ్యాచి యగును.

పై చిక్కు కనబడిన వెంటనే పట్టుబడునది. కష్టమైనది, మేము ఎక్కువ సేపు చెప్పదలచినది, మరియొకటి.

దారము చుట్టు యంత్రముల కార్డులు ఒక నూలు మిల్లు నుండి మా బల్ల మీదికి వచ్చినవి. పాత చిప్పులు ఒక్కొక్కటిగా పోవుచుండగా మిల్లువారు పది కొత్తవి తెప్పించి వ్రాయించుకొనిరి. ఏడు పనిచేసినవి. మూడింటిని పెట్టినప్పుడు, దారము తెగకున్నను తెగినట్లే భావించి యంత్రము బయలుదేరగనే ఆగిపోవుచుండెను. రెండు యంత్రములు నిలిచిపోగా వాని మీద పనిచేయు బదిలీ కార్మికులకు ఆ రోజులలో పిలుపు లేకపోయినది. బ్యాచి నంతటిని తిప్పి పంపవలెననియు, ఎంత ధర యైనను పెట్టి పాత స్టాకు తెప్పింపవలెననియు మిల్లువారి తొందర. ఓడిన మూడింటిని వ్రాయు యంత్రము మీద పెట్టి చూచితిమి. గడులన్నియు సరిగా నున్నవి. ఫైలులో వ్రాసియున్న పరీక్షల వరుసను నడపినను మూడును నెగ్గినవి. బల్ల మీద నెగ్గి బోర్డు మీద ఓడు చిప్పునకు కారణము చిప్పులో నుండునా, బోర్డులో నుండునా?

ఈ ప్రశ్నకు సమాధానము ఒక చిన్న తేడాలో కలదు. వ్రాయు యంత్రము పరీక్షించునప్పుడు అన్ని పిన్నులను గట్టిగా పట్టుకొని, ఒక్కొక్కదానికి ఒకటియో సున్నయో స్పష్టముగా చెప్పును. బోర్డు అట్లు చేయదు. ఆ కార్డును భూతద్దముతో పరీక్షించి, 11వ పిన్ను నుండి బయలుదేరిన రాగి గీత ఒక ఖాళీ రంధ్రము వద్ద ముగియుచున్నదని కనుగొంటిమి. కార్డు తయారుచేసినవారు దారము తెగుటను కనిపెట్టు రెండవ సాధనము కొరకు అచట చోటు విడిచిరి. ఈ నమూనా యంత్రములో ఆ రెండవ సాధనము లేదు. కాని ప్రోగ్రాములో ఆ పిన్ను మాట ఇంకను వినబడుచునే యున్నది. అది సున్న పలికినచో దారము తెగినట్లే లెక్క.

అయినచో పాత చిప్పులతో ఇన్ని సంవత్సరములు ఎట్లు నడచినది? గాల్ చిప్పుల పిన్నులకు లోపల సన్నని పైలాగుడు కలదు. ఎవరును పట్టుకొనని పిన్ను తనంతట తాను పైకి పోయి 'ఒకటి' యని పలుకును. అంతకు పూర్వపు పాల్ చిప్పులలో కూడ వదలివేసిన పిన్ను సాధారణముగా ఒకటిగనే చదువబడును. కార్డు కట్టినవారు ఈ ఉపకారమును అడుగకయే పొంది, దానికి వెల కట్టకయే వాడుకొనిరి. అట్మెల్ వారి 22వీ10సీ రకములో పైలాగుడు లేదు. దాని స్థానమున, పిన్ను చివరిసారి యే స్థితిలో నుండెనో ఆ స్థితినే పట్టియుంచు చిన్న ఏర్పాటు కలదు. ఇది తక్కువ విద్యుత్తును వాడుట కొరకు బుద్ధిపూర్వకముగా చేసిన మార్పు. డేటా షీటులో స్పష్టముగా వ్రాసినారు కూడ. ఇంటిలోని తలుపులతో పోల్చి చెప్పవచ్చును. స్ప్రింగు తలుపు చేయి వదలగనే మూసికొనును. మామూలు తలుపు ఎక్కడ వదలితే అక్కడనే నిలుచును. స్ప్రింగు తలుపునకు అలవాటుపడినవారు గడియ వేయుట మరతురు. మామూలు తలుపు బిగించిన నాడు ఇంటిలోనికి కుక్క వచ్చును.

మరి పదింటిలో మూడే యెందుకు ఓడినవి? ఎవరును ఎన్నడును తాకని తలుపు ఏ స్థితిలో నుండును? వడ్రంగి యెట్లు వదలెనో అట్లు. స్విచ్చి వేసిన క్షణమున, పట్టియుంచు ఏర్పాటునకు జ్ఞాపకముంచుకొనుటకు పూర్వస్థితి యేదియు లేదు. లోపలి రెండు భాగములలో ఏది వెంట్రుకవాసి బలమైనదో అటు మొగ్గును. ఒక చిప్పు ఒకటి వైపు, ఇంకొకటి సున్న వైపు. ఏడు ఒకవైపునకు మొగ్గినవి, మూడు మరియొకవైపునకు మొగ్గినవి.

అనుమానమును రుజువు చేయుటకు మేము చేసిన పని చాల చిన్నది. 11వ పిన్నుకును అయిదు వోల్టుల తీగకును నడుమ 4.7 కిలోఓముల రెసిస్టరు నొకదానిని తగిలించితిమి. మూడు చిప్పులును పనిచేసినవి. మంచి మందు పడినదని అంతటితో ఆగరాదు. అదే రెసిస్టరును ఈసారి భూమి వైపు తగిలించి, పనిచేయుచున్న ఏడింటిని ఒక్కొక్కటిగా పెట్టి చూచితిమి. ఏడును, ముందు మూడును ఓడినట్లే ఓడినవి. పది చిప్పులును ఒక్క తీరువే యని అప్పుడు తేలినది. ఈ రెండవ పరీక్షను చాలమంది చేయరు. రోగి లేచి కూర్చున్న తరువాత ఇంకను నాడి చూచుట యెందుకని వారి భావము. కాని ఇది చేయనిదే, పనిచేసిన ఏడును గుణముచేత పనిచేసినవా, అదృష్టముచేత పనిచేసినవా తెలియదు.

ఆ ఏడు అప్పటికే మిల్లులో తిరుగుచుండినవి. దారము రాపిడివలన పుట్టు విద్యుత్తు చాలును, పట్టియుంచు ఏర్పాటును ఒక ప్రక్కనుండి ఇంకొక ప్రక్కకు త్రోయుటకు. ఈ కార్డులో పిన్ను తప్పు పలికినచో యంత్రము ఆగును. పని చెడినను మనిషికి హాని లేదు. కాని వేరొక కార్డులో, చేతి కాపు తలుపు మూసియున్నదని చెప్పు తీగ ఊడిపోయిన పిన్ను కూడ ఇట్లే ఒక స్థితిని పట్టుకొని కూర్చుండవచ్చును. తలుపు తెరచి చేయి లోపల పెట్టినను, చిప్పు దృష్టిలో తలుపు మూసియే యుండును. నియమము తప్పలేదు, చిప్పు చెడలేదు, ఫైలు సరియైనదే. అయినను మోటారు తిరుగును. కావుననే పనిచేసిన ఏడింటిని గూర్చి విచారింపవలెనని మొదట అన్నాము. కార్డు లన్నింటిని తెప్పించి రెసిస్టరు వేసిన తరువాతనే తిరిగి పంపితిమి.

ఇట్టి పిన్నులను వెదకుటకు మల్టీమీటరు ముల్లును నేరుగా చిప్పు మీద పెట్టుట మంచి పద్ధతి కాదు. ముల్లు తాకుటయే పిన్నును ఒక ప్రక్కకు త్రోయవచ్చును. అప్పుడు చూచుచున్నంతసేపు రోగము కనబడదు. విద్యుత్తు తీసివేసి, చిప్పును సాకెట్టు నుండి పెరికి, 1 నుండి 11 వరకును, తరువాత 13వదియు నగు వినుపిన్నుల కొక్కొక్కదానికి బోర్డుపై ఏదైన అండ కలదా యని చూడవలెను. కనెక్టరు ద్వారా వెలుపలికి పోవు తీగలను, కనెక్టరు ఊడదీసి కూడ చూడుడు. 14 నుండి 23 వరకు గల పిన్నులు వినునవియో పలుకునవియో ఫైలు చూచి తెలిసికొనవలెను. పలుకు పిన్నును తీగతో నేరుగా అయిదు వోల్టులకు కట్టినవారిని మేమెరుగుదుము. దానివలన నిజముగనే చిప్పు చెడును. రెసిస్టరు పది పైసల ఖరీదు చేయునని పూర్వమనెడివారు, నేడును అది కాఫీ ఖర్చుకు రాదు. దానిని దాటవేయుట పిసినారితనము కూడ కాదు, బద్ధకము.

మూడవ చిక్కు వేగమునకు సంబంధించినది. పాత బోర్డులో నుండినది 25 నానోసెకనుల చిప్పు అనుకొందము. అనగా మాట విన్న తరువాత 25 నానోసెకనులలోగా బదులు పలుకునది. నేడు దొరకునది 15, 10, ఒక్కొక్కప్పుడు 7.5 నానోసెకనులది. వేగము గలది ఎల్లప్పుడును మేలని అంగడివాడు చెప్పును. కాని వేగముగా పలుకు చిప్పు అంచులను కూడ పదునుగా పలుకును. బోర్డు గీత మీద సంకేతము నానోసెకనుకు సుమారు 15 సెంటీమీటర్లు పోవును; జానెడు గీత చివరి నుండి దాని ప్రతిధ్వని వెనుకకు వచ్చులోపల నెమ్మదియైన అంచు ఇంకను ఎక్కుచునే యుండును గనుక ఆ ప్రతిధ్వని అందులో కలిసిపోవును. పదునైన అంచు అప్పటికే ఎక్కి ముగిసినది. ప్రతిధ్వని దాని మీద వేరొక మెట్టుగా కనబడును. ఆ గీత గడియారపు సంకేతమును మోయునదైనచో, ఒక్క టిక్కు రెండు టిక్కులుగా లెక్కింపబడును. నూరు చుట్లు చుట్టవలసిన యంత్రము తొంబదితోనే ఆగినచో ఇట్టి దానినే శంకింపవలెను.

ఆసిలోస్కోపు ముల్లు తగిలించినంతనే పనిచేయుట, తీసినంతనే మానుట దీనికి మంచి గుర్తు. ముల్లునకు గల పది పికోఫారడుల వంటి అల్పమైన కెపాసిటీయే ఆ అంచును కొంచెము మొద్దుబరచినది. ఇది చూచి కొందరు ఆ స్థానమున చిన్న కండెన్సరును శాశ్వతముగా టంకించి సంతోషింతురు. మాకు ఈ వైద్యము నచ్చదు; ఈనాటికి ఆ చిక్కు పోయినను, అంచు మరీ మొద్దైనచో వినువారికి సందిగ్ధము కలిగి కొత్త చిక్కు పుట్టును. సంకేతము పుట్టినచోట గీతను తెంపి 33 ఓముల రెసిస్టరును వరుసలో వేయుట మేలు. 12వ పిన్నుకును 24వ పిన్నుకును నడుమ, చిప్పును ఆనుకొని, 0.1 మైక్రోఫారడు కండెన్సరు ఉన్నదో లేదో చూడుడు. ఉన్నను నలువదేండ్లదైనచో మార్చుట మంచిది. అన్నిటికంటె తేలికైనది, వీలున్నచో 25 నానోసెకనుల రకమునే అడిగి తెప్పించుకొనుట.

వేగముతో కూడినదే యింకొకటి కలదు. రెండు నియమములు ఒకదానినుండి ఒకటి చేతులు మార్చుకొను నడుమ, రెండును లేని సన్నని సందు ఏర్పడును. పూర్వపు రూపకర్తలు ఆ సందును కప్పుటకు, లెక్కప్రకారము అనవసరమైన మూడవ నియమమును కావలెనని వ్రాసెడివారు. నేడు ఆ నియమములను కంప్యూటరుతో తిరిగి కూర్పించునప్పుడు, అది తెలివిగా ఆ మూడవదానిని అనవసరమని కొట్టివేయును! పాత ఫైలునే వ్రాసినచో ఈ భయము లేదు. ఫైలు పోయి నియమములనుండి తిరిగి కూర్చినవారు మాత్రము, పాత గడులతో కొత్త గడులను పోల్చి చూచుకొనవలెను.

విద్యుత్తు సరఫరా గూర్చి ఒక్క మాట. స్విచ్చి వేసినప్పుడు చిప్పు లోపలి జ్ఞాపకములు శుభ్రమై మొదలగుటకు, వోల్టేజి నడుమ వెనుకకు జారక సున్ననుండి అయిదు వరకు ఒకే తీరున ఎక్కవలెనని డేటా షీటులు చెప్పుచున్నవి. ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు గల పాత సరఫరా అట్లు ఎక్కదు. పొద్దున్నే మొదటిసారి స్విచ్చి వేసినప్పుడు మొరాయించి, ఆర్పి మరల వేసినప్పుడు నడచు యంత్రమున చిప్పును అనుమానించుటకు ముందు సరఫరాను చూడుడు.

నిజముగా చెడ్డ చిప్పులే లేవా? కలవు. తయారీ ఆగిన వస్తువునకు ధర పెరుగును, ధర పెరిగినచోట దొంగసరకు పుట్టును. పాత బోర్డులనుండి ఊడదీసిన చిప్పుల వీపు అరగదీసి, నల్లరంగు పూసి, పేరును తేదీని కొత్తగా అచ్చువేసి అమ్మువారు ప్రపంచమున అనేక దేశములలో కలరు. నెమ్మదియైన చిప్పు మీద వేగపు నంబరు వేయుట కూడ వారి విద్యలలో నొకటి. చిప్పు వీపు మీద సాధారణముగా నాలుగంకెల తేదీ యుండును. మొదటి రెండు సంవత్సరమును, తరువాతి రెండు ఆ సంవత్సరములోని వారమును తెలుపును. తయారీ ఆగిపోయిన తరువాతి సంవత్సరము వేసియున్నచో ఇక విచారణ అక్కరలేదు. దూదిని అసిటోనులో ముంచి వీపు తుడిచినప్పుడు నల్లరంగు దూదికి అంటినచో పూత వేసినదని గ్రహింపవలెను. పిన్నులకు పాత టంకము ఆనవాళ్లు, ఒకే అచ్చు గల రెండు చిప్పుల అడుగుభాగములు వేరువేరుగా నుండుట, వ్రాయు యంత్రము చదివిన తయారీదారుని గుర్తు పైనున్న పేరుతో పొసగకుండుట, ఇవియు గమనింపదగినవి. బ్యాచి చెడ్డదను తొందరలో మంచి కొత్త సరకును తిప్పి పంపి, హెచ్చు ధరకు పాత స్టాకు కొనబోవువారే తరచుగా ఈ గోతిలో పడుదురు.

మరమ్మతు ముగిసిన తరువాత చేయవలసిన పని యొకటి కలదు, దానిని వాయిదా వేయుట సులభము. గాల్ తరము చిప్పులో లోపలి గడులను ఇతరులు చదువకుండ తాళము వేయు గడి యొకటి యుండును. తాళము పడిన చిప్పు చచ్చిన తరువాతనే కాక బ్రదికియున్నప్పుడు కూడ తన నియమమును చెప్పదు. కావున ఫైలు దొరకినప్పుడే దాని నకళ్లు రెండుచోట్ల భద్రపరచవలెను. ఫైలు చివరనుండు సరిచూచు సంఖ్యను కాగితము మీద కూడ వ్రాసికొనవలెను. ఆ మిల్లు కార్డుల మూతలలో మేము అంటించిన చీటిలో నాలుగు సంగతులు మాత్రమే యున్నవి: చిప్పు పూర్తి నంబరు, చివరి అక్షరముతో సహా, వ్రాయు యంత్రపు జాబితాలో ఎన్నుకొన్న పేరు, ఫైలు సరిచూచు సంఖ్య, 11వ పిన్నుకు రెసిస్టరు వేయబడినది, తీయరాదు.